పూడ్చిన గనిపై గోదాము నిలుస్తుందా?

ప్రశ్న: పాత బొగ్గు గనుల స్థలాలను వ్యాపారానికి వాడుతున్నారని చదివాను. తాడిపత్రి దగ్గర మాకున్న పాత నాపరాళ్ల గనిని పూడ్చి గోదాము కట్టవచ్చునా? (ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా)

జవాబు: కట్టవచ్చు గాని, తొందరపడవద్దని మనస్ఫూర్తిగా కోరుతున్నాను. వదులుగా పోసిన మట్టి తన బరువుకే ఏళ్ల తరబడి కుంగుతుంది. అడుగున నీటిమట్టం పెరిగినప్పుడు మరింత కుంగి గోడలను చీలుస్తుంది. జర్మనీలోని నాఖ్టర్‌ష్టెట్ వద్ద పాత లిగ్నైట్ (ఒక రకం గోధుమరంగు బొగ్గు) గనిని నీటితో నింపి విహార సరస్సుగా మారుస్తుండగా, 2009 జూలైలో గట్టు జారి, ఇళ్లు నీటిలో పడిపోయి ముగ్గురు మరణించారు. మీ గుంతలో బొగ్గు లేదు కనుక అది లోలోపల రగులుతుందన్న భయం మీకు లేదు, అది అదృష్టమే. పూడికను పలుచని పొరలుగా పోసి, తడిపి, రోలరుతో తొక్కించి, ఆ తరువాత మట్టి పరీక్ష చేయించండి. పునాది సగం రాతిపైన, సగం పూడికపైన పడితే పగులు ఆ అంచునే మొదలవుతుంది కనుక, గోదామును పూర్తిగా రాతి నేల వైపు జరిపి, పూడ్చిన భాగాన్ని లారీలు నిలుపుకొనే ఆవరణగా ఉంచుకోండి.