తరాల అంతరమా, తరాల సంఘర్షణా?

సందేహం: డిగ్రీ చదువుతున్నాను. గురజాడ ‘కన్యాశుల్కం’లో పాతతరం, కొత్తతరం గురించి వ్యాసం రాయాలి. శీర్షికలో ‘తరాల అంతరం’ అనాలా, ‘తరాల సంఘర్షణ’ అనాలా? ‘అగ్నిహోత్రావధానులు మరియు వెంకటేశం మధ్య సంఘర్షణ ఈ నాటకానికి ప్రాణం’ అని మొదటి వాక్యం రాసుకున్నాను. సరిపోతుందా?

సమాధానం: రెండు మాటలూ ఒకటి కావు. అంతరం అంటే ఎడం, తేడా. సంఘర్షణలోని ఘర్షణకు రాపిడి అని అర్థం. ఎడంగా ఉన్నవాళ్లు ఒకరినొకరు తాకకుండానే కాలం వెళ్లదీయవచ్చు. రాపిడి పుట్టాలంటే ఎదురుపడాలి. శీర్షిక కోసం నిఘంటువు తిరగేసే ముందు రెండో అంకం మళ్లీ చదవండి.

పసిపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు కట్టబెట్టాలని తండ్రి అగ్నిహోత్రావధాన్లు నిశ్చయించాడు. గట్టిగా అడ్డు చెప్పింది ఎవరు? బావమరిది కరటకశాస్త్రి. నూతిలో దూకింది ఎవరు? భార్య వెంకమ్మ. ఇద్దరూ పెద్దతరమే! కొత్త చదువు చదువుతున్న కొడుకు వెంకటేశం తండ్రిని ఎదిరించడు, తప్పించుకు తిరుగుతాడు. వితంతువైన కూతురు బుచ్చమ్మ కూడా తండ్రితో వాదానికి దిగదు; వెంకటేశానికి చదువు చెప్పే గిరీశం వెంట వెళ్లిపోతుంది. ఆ గిరీశమైనా సంస్కరణ గురించి ఉపన్యాసాలు దంచుతూనే, కోర్టు కాగితాల్లో ఇంగ్లీషు సాయం చేస్తానని అగ్నిహోత్రావధాన్లును మంచి చేసుకుంటాడు. ఇంగ్లీషు చదువంటే మండిపడే మనిషికి దావాల దగ్గరికి వచ్చేసరికి ఆ ఇంగ్లీషే కావలసి వచ్చింది. నేనైతే వ్యాసాన్ని ఇక్కడే ఎత్తుకుంటాను. ‘సాహిత్యం సమాజానికి దర్పణం’ అంటూ మొదలుపెట్టే పేరా ఎలాగూ ఎవరూ చదవరు.

అందువల్ల మీ శీర్షికకు ‘తరాల అంతరం’ నప్పుతుంది. ‘సంఘర్షణ’ను బావకూ బావమరిదికీ మధ్య భోజనాల దగ్గర జరిగిన రభసకు దాచుకోండి. అధ్యాపకులు ‘తరాల సంఘర్షణ’ అనే విషయం ఇచ్చి ఉంటే దాన్ని మార్చనక్కరలేదు. అది నిజంగా తరాల మధ్య సంఘర్షణేనా అన్న ప్రశ్ననే వ్యాసానికి వెన్నెముకగా పెట్టుకోండి.

ఇక మీ వాక్యం. ‘మరియు’ తీసేయండి. ‘మధ్య’కు ముందు ఇద్దరి పేర్లకూ ‘కు’ గానీ ‘కి’ గానీ చేర్చి, చివరి అచ్చును దీర్ఘం చేస్తే చాలు: ‘అగ్నిహోత్రావధాన్లుకూ వెంకటేశానికీ మధ్య’. ఆ దీర్ఘమే ‘మరియు’ పని చేసిపెడుతుంది. నాటకంలో ఉన్న పేరు ‘అవధాన్లు’. దాన్ని ‘అవధానులు’గా సంస్కరించకండి. సంభాషణలు ఉదాహరించేటప్పుడూ అంతే, వాడుకభాషను గ్రాంథికానికి దగ్గరగా దిద్దవద్దు. 1897 నాటి మొదటి కూర్పునూ, గురజాడ బాగా పెంచి తిరగరాసిన 1909 నాటి కూర్పునూ కలగలపవద్దు. మీ చేతిలో ఉన్నది బహుశా రెండోదే. ఆ సంగతి వ్యాసంలో ఒక్క ముక్కలో చెప్పండి.