హీటెడ్ ఫ్లోర్ టైల్ పగలగొట్టే ముందు ఓమ్స్ చూడండి

మొన్న కెనడాలో, టొరంటో దగ్గరి మిల్టన్‌లో ఇల్లు కొనుక్కున్న తమ్ముడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, బాత్రూంలో హీటెడ్ ఫ్లోర్ వేయించాను, నాలుగు టైల్స్ ఎగుడుదిగుడుగా వచ్చాయి, ఒకటి తడితే డొల్లగా మోగుతోంది, మేస్త్రి వచ్చి ఆ ఒక్కటీ పగలగొట్టి మార్చేస్తానంటున్నాడు, సరే అనమంటారా?" అని. ఆగమన్నాను. ఎందుకంటే ఆరేళ్ల కిందట పక్క ఊరు బ్రాంప్టన్‌లో మా ఇంటికి ఇలాగే నేను సరే అన్నాను. ఉలి దెబ్బకి టైల్ కింద నేలని వేడి చేసే కేబుల్ తెగింది, మొత్తం తవ్వి మళ్లీ వేయించాల్సొచ్చింది.

మన ఊళ్లో టైల్ కింద ఉండేది సిమెంటు, ఇసుక. నచ్చకపోతే పీకి మళ్లీ వేయిస్తాం. ఇక్కడ కింద ఉండేది ఒకటే పొడుగు కరెంటు తీగ, గదంతా వంకరలు తిప్పి పరిచి ఉంటుంది. ఒక్కచోట తెగితే నేల మొత్తం చల్లబడిపోతుంది. అందుకే ముందు మేస్త్రిని అడగాల్సింది ఓమ్స్ లెక్క, అంటే తీగ కరెంటుకి ఎంత అడ్డు పెడుతుందో చెప్పే కొలత. కేబుల్ లేబుల్ మీద ఎన్ని ఓమ్సో రాసి ఉంటుంది, విప్పగానే ఒకసారి, పరిచాక ఒకసారి, టైల్ వేశాక ఒకసారి కొలిచి రాసి పెట్టాలి, చాలా కంపెనీల వారంటీ కూడా ఆ కాగితం మీదే ఉంటుంది. మా మేస్త్రి దగ్గర కాగితమూ లేదు, మీటరూ లేదు. మీకూ లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి బ్రేకర్ ఆపి, థర్మోస్టాట్ (నేల వేడిని అదుపు చేసే గోడ స్విచ్) వైర్లు విప్పి కొలిపించండి. లేబుల్‌కి దగ్గరగా వస్తే తీగ తెగలేదని అర్థం. ఇన్సులేషన్ పరీక్ష కూడా చేయమనండి, మేస్త్రి తాపీ గీసుకుని పైపొర చిరిగితే ఓమ్స్ మామూలుగానే చూపించొచ్చు కానీ థర్మోస్టాట్ మాటిమాటికీ ట్రిప్ అవుతుంది.

ఇంకోటి, మేస్త్రిని తిట్టే ముందు మీరేం చేశారో కూడా చూసుకోండి. మా ఆవిడ డిసెంబర్ చలికి తట్టుకోలేక మూడో రోజే స్విచ్ వేసేసింది. థిన్‌సెట్ (టైల్‌ని అంటించే సిమెంటు జిగురు) పూర్తిగా గట్టిపడకముందే వేడి పెడితే పట్టు పోతుంది. కొన్ని కంపెనీలు 7 రోజులు ఆగమంటాయి, కొన్ని 28, మీ మాన్యువల్లో ఏముందో అదే పాటించండి.

పని ఎలా ఉందో చూడటం పెద్ద విద్యేం కాదు. సంతలో కుండ కొనేటప్పుడు తట్టి చూస్తాం కదా, అలాగే నాణెంతో ప్రతి టైలూ తట్టి, డొల్లగా మోగినచోట టేప్ అంటించి ఫోటో తీయండి. టైల్ అడుగున మామూలు చోట కనీసం 80 శాతం, షవర్ దగ్గర 95 శాతం థిన్‌సెట్ అంటుకుని ఉండాలన్నది ఇక్కడి పద్ధతి. సన్నటి గ్రౌట్ (టైల్స్ మధ్య సందులో నింపే సిమెంటు) గీత దగ్గర పక్క టైల్ క్రెడిట్ కార్డు మందం కన్నా ఎత్తుగా లేస్తే అడగొచ్చు, టైల్‌కి సహజంగా ఉండే వంపు కొంచెం మినహాయించాలనుకోండి. గోడల అంచున గ్రౌట్ నింపేశాడా, సాగే కాక్ (రబ్బరులా సాగే పూత) పెట్టాడా అన్నదీ చూడండి. వేడికి నేల వ్యాకోచిస్తుంది, దానికి చోటు లేకపోతే టైల్ లేస్తుంది.

డొల్ల టైల్ పగలగొట్టకుండా గ్రౌట్‌లో బెజ్జం పెట్టి కిందకి జిగురెక్కిస్తానని మేస్త్రి అంటే, తీగ ఎక్కడుందో తెలియకుండా డ్రిల్ ముట్టనివ్వొద్దు. నేల వేడి చేసి థర్మల్ కెమెరాతో చూస్తే వరసలు కనిపిస్తాయి, వాటి మీద టేప్‌తో గుర్తులు పెట్టించండి. ఒకటి రెండు టైల్సైతే చుట్టూ గ్రౌట్ తీసి, మధ్య నుంచి చిన్న ముక్కలుగా, లోతుకి పోకుండా తీస్తారు. సగం నేల డొల్లగా ఉంటే మాత్రం అతుకులతో పని కాదు, మొత్తం తీయాల్సిందే.

డబ్బు సంగతికొస్తే, "మనవాడే కదా" అని హెచ్‌ఎస్‌టీ (ఇక్కడి అమ్మకపు పన్ను) లేకుండా క్యాష్ ఇచ్చి రసీదు తీసుకోలేదు నేను, ఆ 13 శాతం మిగిలిందనుకున్నాను, తర్వాత చూపించడానికి చేతిలో ఏమీ లేదు. ఒంటారియోలో కన్‌స్ట్రక్షన్ యాక్ట్ ప్రకారం మేస్త్రికిచ్చే డబ్బులో 10 శాతం పని పూర్తయ్యాక 60 రోజులు ఆపి ఉంచాలి, మొహమాటపడకండి. కేబుల్ కనెక్షన్ లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ చేశాడా, ఎలక్ట్రికల్ సేఫ్టీ అథారిటీకి నోటిఫికేషన్ వెళ్లిందా అని అడగండి. లోపాలన్నీ ఫోటోలతో ఈమెయిల్లో పెట్టి, ఫలానా తేదీలోపు సరిచేయండని రాయండి, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌తో సరిపెట్టొద్దు. అప్పటికీ కదలకపోతే స్మాల్ క్లెయిమ్స్ కోర్టు ఉంది. 2025 అక్టోబర్ నుంచి 50,000 డాలర్ల దాకా అక్కడే తేల్చుకోవచ్చు, కాకపోతే సాధారణంగా లోపం తెలిసిన రెండేళ్లలోపే వేయాలి.

తమ్ముడి కేబుల్ లేబుల్ మీద 30 ఓమ్స్, మీటర్లో 29.6 వచ్చింది. శనివారం మేస్త్రి వస్తున్నాడు, అద్దెకి థర్మల్ కెమెరా తీసుకుని నేనూ వెళ్తున్నాను.