బోరింగ్, బోర్డ్: ఎవరికి ఏది వాడాలి

పరీక్షలో ‘ఐ వాజ్ బోరింగ్ ఇన్ ద బస్’ అని రాస్తే మార్కు ఎందుకు తీసేశారని మిర్యాలగూడ నుంచి అడిగిన సోదరికి సమాధానం. ఆ వాక్యానికి ‘బస్సులో నేను ఇతరులకు విసుగు పుట్టించాను’ అనే అర్థం వస్తుంది. విసుగు పుట్టించేదానికి బోరింగ్, ఆ విసుగును అనుభవించేవారికి బోర్డ్ వాడాలి. కనుక ‘ఐ వాజ్ బోర్డ్ ఇన్ ద బస్’ అని రాయవలసింది.

ఈ పొరపాటుకు మూలం మన వాక్యనిర్మాణంలో ఉంది. ‘నాకు బోర్ కొట్టింది’ అన్నప్పుడు కొట్టింది బోరు, ‘నాకు’ కర్త కాదు. ఇంగ్లీషులో మాత్రం ఆ ‘నాకు’ కర్తగా మారి ‘ఐ’ అవుతుంది కాబట్టి, దాని పక్కన అనుభవాన్ని తెలిపే రూపమే నిలవాలి. పైగా మన పల్లెల్లో చేతిపంపును బోరింగ్ అంటారు గనుక ఆ మాటే ముందుగా నోటికి వస్తుందేమో.

మనుషులకు బోర్డ్, వస్తువులకు బోరింగ్ అని మాత్రం దయచేసి బట్టీ పట్టకండి. దేవరకొండలో ఒక వక్త గంటసేపు చెప్పిందే చెబితే ఆయన ‘ఎ బోరింగ్ స్పీకర్’, వింటున్న మనం ‘బోర్డ్ లిజనర్స్’, ఇద్దరూ మనుషులే.

దేనితో విసుగో చెప్పేటప్పుడు ‘బోర్డ్ విత్’ లేదా ‘బోర్డ్ బై’ రాయండి. ‘బోర్డ్ ఆఫ్’ వాడుకలో బాగా వినిపిస్తున్నా, పరీక్షలో వద్దు. బోర్డ్, బోరింగ్ మధ్య ఉన్న తేడాయే టైర్డ్, టైరింగ్ జంటకూ వర్తిస్తుంది.