నరం, సిర, ధమని

సందేహం: రక్తం తీస్తూ నర్సు ‘నరం దొరకడం లేదు’ అన్నారు. రక్తం ఉండేది సిరలో కదా, నరం అనడం తప్పు కాదా? కొందరు ‘శిర’ అని రాస్తున్నారు. ఏది సరి?

సమాధానం: ఆ నర్సును తప్పు పట్టకండి. నరం మన పాత మాట. తమిళంలో ‘నరంబు’ రక్తనాళమూ అవుతుంది, వీణ వంటి వాద్యానికి కట్టిన తంతీ అవుతుంది. చర్మం కింద తాడులా తేలి కనిపించేదాన్ని మన ఇళ్లలో నరమనే అంటారు. నాకు కోపమంతా ‘మెదడులో నరాలు చిట్లి మృతి’ అని రాసే పత్రికల మీద. చిట్లింది రక్తనాళమైతే ఆ మాటే రాయడానికి అడ్డమేమిటి?

ధమని పుట్టుక మాత్రం చెప్పకుండా వదలలేను. ‘ధ్మా’ అంటే ఊదడం. గీతలో భీముడు ‘పౌండ్రం దధ్మౌ మహాశంఖమ్’ అని శంఖం పూరించాడే, ఆ ‘దధ్మౌ’ ఈ ధాతువుదే. చరకుడు ‘ధ్మానాద్ధమన్యః, స్రవణాత్ స్రోతాంసి, సరణాత్ సిరాః’ అని మూడు మాటలనూ ఒక్క వరుసలో విప్పాడు. ఊదినట్లు ఉబ్బేది ధమని, సాగిపోయేది సిర. బొటనవేలి వైపు మణికట్టు మీద వేలు ఆనించండి. గుండె తోసినప్పుడల్లా గొట్టం ఉబ్బి వేలికి తగులుతుంది. సిరలో ఆ దెబ్బ ఉండదు. రక్తం నిదానంగా గుండెకు తిరిగివస్తుంది, వెనక్కి జారకుండా కాళ్లూ చేతుల సిరల్లో కవాటాలున్నాయి.

సుశ్రుతుడి పోలిక ఇంకా ముచ్చటైనది. తోటకూ మడికీ కాలువల్లా సిరలు దేహాన్ని తడుపుతాయట, ఆకు ఈనెల్లా చీలిపోతాయట. వాటికి మూలం నాభి అన్నాడు, అది నిలవలేదు. ఈనెల పోలిక నిలిచింది. రావి ఆకును వెలుగుకు ఎత్తి పట్టి, ఈనె చీలి చీలి కంటికి ఆనకుండా పోయే చోటు చూడండి. మన ఒంట్లో ఆ చోట ఉండేవి కేశనాళికలు. వాటిని 1661లో కప్ప ఊపిరితిత్తిలో సూక్ష్మదర్శినితో చూసి చెప్పినవాడు ఇటలీ వైద్యుడు మాల్పీజీ.

‘ధమనిది మంచి రక్తం, సిరది చెడు రక్తం’ అని పిల్లలకు చెప్పడం ఇకనైనా మానాలి. పుపుస ధమని ఊపిరితిత్తులకు మోసేది ఆక్సిజన్ తగ్గిన రక్తాన్నే. గుండె నుంచి వెళ్లేది ధమని, గుండెకు వచ్చేది సిర, అంతే.

‘నాడి’ అనే మాటకూ ఇలాగే అర్థాలు మారాయి: ఒకప్పుడు గొట్టం, వైద్యుడి చేతిలో ధమని కొట్టుకోవడం, నేటి శాస్త్రంలో నరాల సంగతి, అంటే మెదడుకూ ఒంటికీ మధ్య కబురు మోసే తంతువులది.

సిర, శిర రెండూ సంస్కృతంలో ఉన్నవే. సరణం కనబడుతుందనీ, శిరస్సుతో కలవదనీ నేను సిర అనే రాస్తాను. శిర రాసినవారిని తప్పనలేను.