నాచులన్నీ ఒకటి కావు

ప్రశ్న: లేత కొబ్బరి నీళ్లతో చైనా గ్రాస్ జెల్లీ చేశాను. ఒకసారి నీళ్లలాగే ఉండిపోయింది, ఇంకోసారి కింద గట్టిగా, పైన పలచగా వచ్చింది. పొరపాటు ఎక్కడ? ఇది ఒంటికి చలవేనా?
- ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: చైనా గ్రాస్ ఎర్ర జాతి సముద్రపు నాచు నుంచి తీసే పదార్థం. పోగులు పూర్తిగా కరగకపోతే మొదటిసారి జరిగినట్టే జరుగుతుంది. లీటరు ద్రవానికి 10 గ్రాముల పోగులు లెక్క. వాటిని అరగంట నానబెట్టి పిండి, 300 మిల్లీలీటర్ల మంచినీళ్లలో వేసి సన్నని మంట మీద ఎనిమిది, పది నిమిషాలు మరగనివ్వండి. గరిటె ఎత్తి చూస్తే ఒక్క పోగు కూడా కనబడకూడదు. చక్కెర ఆ తర్వాతే వేయండి, ముందే వేస్తే పోగులు సరిగా కరగవు.

కొబ్బరి నీళ్లు 700 మిల్లీలీటర్లు తీసుకుని గోరువెచ్చగా చేస్తే చాలు, మరిగిస్తే రుచి పోతుంది. అలాగని ఫ్రిజ్‌లోవి నేరుగా పోయకండి. ఈ ద్రవం సుమారు 40 డిగ్రీలకు దిగగానే పేరుకోవడం మొదలవుతుంది కాబట్టి చల్లనివి తగిలిన చోట ముందే గట్టిపడుతుంది. మీ రెండో జెల్లీ అందుకే అలా వచ్చి ఉంటుంది. నిమ్మరసం, మామిడి రసం లాంటివి పొయ్యి మీద నుంచి దించాకే కలపాలి. పులుపుతో కలిపి మరిగిస్తే గడ్డకట్టే గుణం దెబ్బతింటుంది. ఒకసారి గట్టిపడ్డాక 85 డిగ్రీల దాకా కరగదు, మే నెలలో బల్ల మీద పెట్టినా నిలబడుతుంది.

ఇక చలవ సంగతి. అందులో ఉన్నది దాదాపు పీచే, బలమేమీ రాదు. నీళ్లు బాగా తాగితే విరేచనం సాఫీగా అవుతుంది. చైనా గ్రాస్ పొడిని మాత్రం పొడిగా నోట్లో వేసుకోకూడదు, గొంతులో ఉబ్బి అడ్డుపడవచ్చు.

ప్రశ్న: థైరాయిడ్‌కు మాత్ర వేసుకుంటున్నాను. కెల్ప్ అనే సముద్రపు నాచు గుళికలు వాడితే మాత్ర మానేయొచ్చని చెబుతున్నారు.
- ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: మానకండి, కెల్ప్ కూడా మొదలుపెట్టకండి. ఈ నమ్మకానికి మూలం లేకపోలేదు. చైనాలో నాలుగో శతాబ్దంలోనే గలగండానికి (థైరాయిడ్ గ్రంథి ఉబ్బి గొంతు వాయడం) నాచు నానబెట్టిన మద్యం ఇచ్చేవారు. 1811లో ఫ్రాన్స్‌లో కూర్తువా అయొడిన్‌ను నాచు బూడిదలోనే కనుగొన్నారు. 1820లో జెనీవా వైద్యుడు క్వాండే దాన్ని గలగండానికి వాడి చూశారు. అయితే ఆ మందు పనిచేసింది అయొడిన్ కొరత ఉన్నవాళ్లకు. నేడు మన దగ్గర పెద్దవాళ్లలో థైరాయిడ్ మందగించడానికి తరచు కారణం ఒంటి రక్షణ వ్యవస్థే గ్రంథి మీద దాడి చేయడం. అలాంటి గ్రంథికి అయొడిన్ ఎక్కువైతే హార్మోను తయారీ ఇంకా తగ్గవచ్చు.

లెక్క చూడండి. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయొడిన్ చాలు. దుకాణంలో దొరికే అయొడిన్ ఉప్పులో గ్రాముకు కనీసం 15 మైక్రోగ్రాములు ఉండాలి. దానితో పాటు పాలు, గుడ్లు, సముద్రపు చేపలు ఉండనే ఉన్నాయి. (ఆవకాయకు వాడే రాళ్ల ఉప్పులో అయొడిన్ కలిపారో లేదో సంచి మీద చూసుకోండి.) ఎండిన కొంబులో (జపాన్ వంటల్లో వాడే కెల్ప్) అయితే ఒక్క గ్రాములోనే వెయ్యి మైక్రోగ్రాములు దాటవచ్చు. నోరిలో (సుషీకి చుట్టే పలచని నాచు రేకు) దానితో పోలిస్తే చాలా తక్కువ, అప్పుడప్పుడు ఒక రేకు తింటే భయం లేదు. రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వాడేవాళ్లు మాత్రం నాచులోని విటమిన్ కె గురించి డాక్టరుతో చెప్పాలి.

ప్రశ్న: ఓడలరేవు ఒడ్డుకు కొట్టుకొచ్చే పచ్చని నాచు తినొచ్చా?
- ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: వద్దు. మన డెల్టా తీరంలో నాచు పట్టుకోవడానికి రాళ్లు తక్కువ, గోదావరి ఒండ్రుతో నీళ్లు మురికిగా ఉండి వెలుతురు లోపలికి దిగదు. కాబట్టి మంచి నాచు ఇక్కడ పెద్దగా పెరగదు. కొట్టుకొచ్చేది ఎప్పుడు తెగిందో తెలియదు, పైగా వరిచేల మురుగు, రొయ్యల చెరువుల నీళ్లు కలిసేది ఆ నీటిలోనే. నాచు తన చుట్టూ ఉన్న లోహాలను పీల్చుకుంటుంది, ఎంత కడిగినా అవి పోవు.