ముందు పని రాయి

చిరంజీవికి,

ఆశీస్సులు. లండన్ నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. 2023లో బీబీసీ తన 20 మంది గాయకబృందం బీబీసీ సింగర్స్‌ను మూసేస్తామంటే అక్కడి జనం ఎలా ఎదురుతిరిగారో రాశావు. అంతవరకు బాగానే ఉంది. కానీ చివర్లో "మన తెలుగువాళ్లకు సంగీతం విలువ ఎప్పుడు తెలుస్తుందో" అని ముగించావు చూడు, అది చదివాక నాకు నిజంగా కోపం వచ్చింది. ఆ కోపం చల్లారకముందే ఈ ఉత్తరం రాస్తున్నాను.

తెలుగువాళ్లకు తెలియదు అనే ముందు, నీ వ్యాసం చదివిన తెలుగువాడికి నువ్వేం తెలియజెప్పావో చూసుకో బాబూ. మొదటి మూడు పేజీల్లో వారసత్వం ఉంది, కన్నీళ్లు ఉన్నాయి, చీకటి ఉంది. "మూగబోతున్న గొంతులు" రెండుసార్లు వచ్చింది. ఆ గాయకులు పొద్దున పనిలోకి వచ్చి సాయంత్రం దాకా ఏం చేస్తారో మాత్రం ఎక్కడా లేదు. ఖమ్మంలోనో కాకినాడలోనో కూర్చుని చదివేవాడికి ఒక సందేహం వస్తుంది. పాట పాడటానికి 20 మందికి నెలనెలా జీతం ఎందుకు? కచేరీ ఉన్న రోజు మంచి గాయకుల్ని పిలిచి డబ్బులిస్తే సరిపోదా? అది తప్పు సందేహం కాదు. ఆ మాటకొస్తే లండన్‌లో లెక్కలు చూసే అధికారికీ అదే సందేహం. దానికి జవాబు చెప్పకుండా నువ్వు ఎంత బాధపడినా అతను పేజీ తిప్పేస్తాడు.

రాయడం మొదలుపెట్టినప్పటి నుంచీ నేను నమ్మింది ఇదొక్కటే. ఏ సంస్థనైనా కాపాడమని రాసేటప్పుడు ముందు అక్కడ జరిగే పని రాయాలి. అది సరిగ్గా రాస్తే బాధ గురించి వేరే చెప్పక్కర్లేదు. నా దగ్గరికి వచ్చే కుర్రవాళ్లందరికీ చెబుతుంటాను, కొంతమందికి విసుగు కూడా. అయినా చెబుతాను.

ఆ పని ఎలా ఉంటుందో చూడు. ఒక కొత్త రచన స్వరలిపిలో చేతికొస్తుంది. దాన్ని అంతకుముందు ఎవరూ పాడలేదు, కాబట్టి విని నేర్చుకుందామంటే రికార్డు ఉండదు. మన దగ్గర గురువు పాడితే శిష్యుడు పట్టుకుంటాడు. వీళ్లు కాగితం చూసి అప్పటికప్పుడు పాడాలి. పైస్థాయి నుంచి కిందిస్థాయి దాకా సోప్రానో, ఆల్టో, టెనర్, బాస్ అని గొంతులు విడిపోతాయి, ఒక్కొక్కటీ మళ్లీ రెండు మూడు పాయలవుతుంది. పక్కవాడు వేరే స్వరం పాడుతుంటే నీ స్వరం మీద నువ్వు నిలబడాలి. వాద్యాల తోడు లేని రచనల్లో బృందం శ్రుతి మెల్లగా కిందికి జారుతుంది. అందరూ కలిసి జారుతారు కాబట్టి పాడేవాళ్లకు పట్టుబడదు. పట్టుకోవడానికి అక్కడ తంబూరా కూడా లేదు. కొద్దిపాటి రిహార్సల్స్, ఆ తర్వాత రేడియోలో లైవ్. అది అయ్యీ అవగానే మరో రచన, మరో భాష. అప్పటికప్పుడు పోగుచేసిన మనుషులతో ఇది ఏడాది పొడవునా సాగదు. ఏళ్ల తరబడి పక్కపక్కన నిలబడి, ఎవరు ఎక్కడ ఊపిరి తీస్తారో ఒకరికొకరు తెలిసినవాళ్లు కావాలి. నెల జీతం దానికి.

ఆల్టో గాయని కాగితం మీద ఊపిరి తీసుకునే చోట్లను పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవడం రాశావు, ఆ నాలుగు వాక్యాలు మాత్రం ముట్టుకోకు.

చరిత్రని కూడా ఒక్క వాక్యంలో తోసేశావు: "1924లో వైర్‌లెస్ కోరస్‌గా ప్రారంభమై" అని. ఆ మాట నీ వ్యాసంలో శిలాఫలకంలా ఉంది. ఈ బృందం చేసిన పనుల్లో ఒకటి తీసుకుని చెప్పి ఉంటే సరిపోయేది. ఫ్రాన్స్ జర్మన్ల చేతిలో ఉండగా, 1943లో, ఫ్రాన్సిస్ పూలాంక్ అనే స్వరకర్త పాల్ ఎల్యువార్ కవితలను పన్నెండు గొంతుల పాయలకు కూర్చాడు. దాని పేరు ఫిగ్యూర్ యుమేన్. చివరి కవిత స్వేచ్ఛ మీద. తన దేశంలో బహిరంగంగా పాడించే దారి లేదు. పారిస్‌లోనే గుట్టుగా అచ్చువేయించి లండన్‌కు పంపారు. 1945 మార్చి 25న లెస్లీ వుడ్‌గేట్ నడిపిస్తుండగా బీబీసీ బృందం దాన్ని మొదటిసారి పాడింది, ఇంగ్లీషు అనువాదంలో. వాద్యం ఒక్కటి లేదు. చివరికి వచ్చేసరికి సోప్రానో గొంతు ఎక్కగలిగిన అంచు దాకా ఎక్కాలి. అంత కష్టమైన కాగితాలు సరిహద్దు దాటి వస్తే అందుకుని పాడటానికి ఒక రేడియో దగ్గర మనుషులు సిద్ధంగా ఉన్నారు. ఈ కథ చదివాక ఖమ్మం పాఠకుడు జీతం ఎందుకని అడగడు.

"ఇది బ్రిటన్ గొడవ, మనవాళ్లకు లోకల్ కనెక్ట్ ఏముంది" అని ఒక సంపాదకుడు నీ వ్యాసం తిప్పి పంపాడని రాశావు. ఈ మాట నాకు కొత్త కాదు. నేను కుర్రవాడిగా ఉన్నప్పుడు విజయవాడ రేడియో కేంద్రంలో బృందగానం పాడేవాళ్ల గురించి ఒక వ్యాసం రాసుకుని ఒక వారపత్రికకు పట్టుకెళ్లాను. ఆ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు, వోలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం లాంటివాళ్లు పనిచేసిన చోటు. పొద్దున్నే భక్తిరంజని వింటూ పెరిగిన ఇళ్లు మన దగ్గర ఎన్ని! కానీ నేను రాసింది పెద్ద పేర్ల గురించి కాదు. వాళ్ల వెనక నిలబడి పల్లవి అందుకునేవాళ్ల గురించి. మైకుకు ఎవరు ఎంత దూరంలో నిలబడతారు, పెద్ద గొంతు ఉన్నవాడు ఎలా తగ్గి పాడతాడు, చరణం మధ్యలో దగ్గు వస్తే ఏం చేస్తారు, ఇవన్నీ అడిగి తెలుసుకుని రాశాను. అది చదివి సంపాదకుడు "ఇదంతా ఎవరిక్కావాలండీ, ఎవరైనా సినిమా గాయని ఇంటర్వ్యూ తెండి" అన్నాడు. చివరికి అచ్చయ్యేసరికి పని గురించిన భాగమంతా పోయింది. మిగిలింది "మధుర స్మృతులు" అనే శీర్షిక, దాని కింద చిన్నప్పటి జ్ఞాపకాలు. ఇప్పటికీ పత్రికలు అదే చేస్తున్నాయి. నిట్టూర్పు ఉంచుతారు, పని కోసేస్తారు. వాన సాయంత్రంతో మొదలై జ్ఞాపకంతో ముగిసే వ్యాసాలు వారానికి ఎన్ని వస్తున్నాయో చూడు. ఆ ఫ్యాషన్ నిన్ను పట్టుకోకూడదనే నా తాపత్రయం.

ఇక నీ ఆఖరి వాక్యం. లండన్‌లో ఒక తేదీ ఉంది. 2023 మార్చి 7న బీబీసీ బయటికి చెప్పింది: సింగర్స్‌ను మూసేస్తాం, ఇంగ్లండ్‌లోని మూడు ఆర్కెస్ట్రాల్లో జీతం ఉద్యోగాలు 20 శాతం తగ్గిస్తాం అని. చెప్పారు కాబట్టి తిరగబడటానికి ఒక రోజు దొరికింది. మన ఆకాశవాణిలో నెల జీతం మీద పాడే, వాయించే నిలయ విద్వాంసులు ఒక్కొక్కరే రిటైరవుతూ వచ్చారు, ఆ ఖాళీలు చాలావరకు అలాగే ఉండిపోయాయి. మూసేస్తున్నామని ఎవరూ అనలేదు. సంతకం పెట్టమని ఎవరూ కాగితం తేలేదు. ఇందులో జనం తప్పేముంది? మన ఊళ్లలో భజన బృందాలున్నాయి, చర్చిల్లో క్వయర్లున్నాయి, పదిమంది కలిసి పాడటం ఎంత కష్టమో తెలిసినవాళ్లు కావలసినంత మంది ఉన్నారు. వాళ్లకు విషయం చేరవేయాల్సినవాళ్లం మనం.

అక్కడ మూసేయొద్దన్న అర్జీకి లక్షకు పైగా సంతకాలు ఎలా వచ్చాయనుకున్నావు? వందల మంది స్వరకర్తలు ఉత్తరం రాశారు, నిజమే. కానీ లక్ష మంది స్వరకర్తలు ఏ దేశంలోనూ ఉండరు. నా ఊహ ఏమిటంటే, అందులో ఎక్కువమంది స్కూల్లోనో చర్చిలోనో ఊరి కోరస్‌లోనో ఎప్పుడో ఒకసారి వరుసలో నిలబడి పాడినవాళ్లు. పక్కవాడి స్వరానికి జారిపోకుండా ఉండటం ఎంత టెన్షనో వాళ్లకు ఒంటికి తెలుసు. వాళ్లను కదిలించింది ఆ తెలివిడే. నీ వ్యాసంలో వాళ్లు కేవలం "సంగీతాభిమానులు".

పారిస్‌లో అయితే గాయకులు తమ పనినే ముందుకు తెచ్చారు. అక్కడి ప్రభుత్వ రేడియో సంస్థ రేడియో ఫ్రాన్స్ 299 ఉద్యోగాలు తగ్గిస్తామంటే సమ్మె నడుస్తున్న రోజులవి. 2020 జనవరిలో సంస్థ అధ్యక్షురాలు నూతన సంవత్సర ప్రసంగం చేస్తుండగా, సభలో ఉన్న గాయకబృందం వెర్డీ అనే స్వరకర్త రాసిన నబూకో ఆపెరాలో బానిసల బృందగానం ఎత్తుకుంది. ఆమె ప్రసంగం ఆగిపోయింది. ఆ వీడియో లోకమంతా తిరిగింది. నినాదాలిచ్చి ఉంటే అంతమంది చూసేవారా?

ఇంకొకటి. బీబీసీని నువ్వు ఒంటి దుర్మార్గుణ్ణి చేశావు. వాళ్ల నిర్ణయం తప్పే, నేనూ అదే అంటాను. కానీ 2022 జనవరిలో ప్రభుత్వం లైసెన్సు ఫీజును, అంటే టీవీ చూసే ఇళ్లు ఏటా కట్టే, బీబీసీకి ప్రధాన ఆదాయమైన రుసుమును, రెండేళ్ల పాటు 159 పౌండ్ల దగ్గరే ఆపేసింది. ధరలు పెరుగుతుంటే రాబడి నిలిచిపోయింది. ఎక్కడో ఒకచోట కోత పడాలి. అది అందరికంటే చిన్న బృందం మీద పడింది, బహుశా 20 మంది గొడవ చేసినా వినపడదనుకున్నారేమో. ఈ వరుస నీ పాఠకుడికి తెలియాలి. కోపం ఎటు పోవాలో తెలియకపోతే తిట్టి ఊరుకుంటాడు.

నువ్వు మార్చి 24 దగ్గర చప్పట్లతో ఆపేశావు, మూసివేతను పక్కన పెడుతున్నామని బీబీసీ చెప్పిన రోజు దగ్గర. గెలిచిన రోజున కథ ఆపడం తేలిక. అప్పటికి దొరికింది వాయిదా మాత్రమే. వేరే దారుల్లో డబ్బు ఎలా తేవాలో తేల్చడానికి దాదాపు ఏడాది పట్టింది. 2024 ఫిబ్రవరిలో వోసెస్8 అనే బ్రిటిష్ గాయకబృందపు ఫౌండేషన్‌తో భాగస్వామ్యం కుదిరిందని ప్రకటించారు, బృందం ఆ ఏడే నూరేళ్లు నింపుకుంది. నీ వ్యాసంలో రెండో సగం ఇదే కావాలి. బయటి సంస్థ చేయి కలిపాక రిహార్సల్ రోజులు అలాగే ఉన్నాయా? కొత్త రచనలకు సమయం తగ్గిందా? పాఠశాలల్లో పాడే పని పెరిగిందా? నువ్వు ఆ ఊళ్లోనే ఉన్నావు, నేను లేను. ఆ ఆల్టో గాయనినే అడుగు. జీతం సంగతి కూడా మొహమాటపడకుండా అడుగు. చెప్పకపోతే చెప్పలేదని రాయి.

రెండోసారి రాసింది సంపాదకుడికి కాదు, ముందు నాకు పంపు. ఆఖరి వాక్యం కొట్టేసి పంపు.

నీ శ్రేయోభిలాషి