కంపెనీ కారు తాళాలు అందాయి, సరే. పే స్లిప్ చూశావా?

ప్రశ్న: అన్నా, మాది అనంతపురం. బ్రిటన్‌లోనే చదువు ముగించి బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగంలో చేరాను. పని మీద ఊళ్లు తిరగాలి కాబట్టి కంపెనీ కొత్త కియా ఈవీ3 ఇచ్చింది. ఎలక్ట్రిక్ కారు, శబ్దమే లేదు. చలికాలం పొద్దున పూట స్టీరింగ్ కూడా వెచ్చగా ఉంటోంది. ఇంట్లో అందరూ చాలా సంతోషంగా ఉన్నారు. దీనివల్ల నాకు ఖర్చేమైనా ఉంటుందా? కారు వద్దంటే నెలకు 300 పౌండ్ల అలవెన్సు ఇస్తామంటున్నారు. కావాలంటే కొన్నాళ్ల తర్వాత పెద్ద పెట్రోలు కారుకు మారవచ్చట, దానితో పెట్రోలు కార్డు కూడా ఉచితమట. ఏది మేలు?

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరంలో ముప్పాతిక భాగం కారు గురించి, పావు భాగం డబ్బు గురించి. నా జవాబులో ఆ లెక్క తలకిందులవుతుంది, ఏమీ అనుకోవద్దు. నీ సంతోషం నాకు అర్థం కాక కాదు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే కారు తనంతట తానే నెమ్మదించడం, ఆ నెమ్మదించిన శక్తి మళ్లీ బ్యాటరీలోకి చేరడం, వేగ పరిమితి దాటగానే గంట మోగించి హెచ్చరించడం, మొదటిసారి చూసినవాడికి ఇవన్నీ ముచ్చటగానే ఉంటాయి. పైగా కియా. పెనుకొండ దగ్గర ఆ ఫ్యాక్టరీ లేస్తుంటే చూస్తూ పెరిగిన వయసు నీది. 2019లో అక్కడి నుంచి సెల్టోస్ బయటికి వచ్చినప్పుడు కడపలో మా వాళ్లు కూడా ఇది మన సీమ కారు అని గర్వంగా చెప్పుకున్నారు. నీ ఈవీ3 మాత్రం కొరియాలో తయారై ఓడెక్కి వచ్చింది. పెనుకొండలో చేసిందేనని మీ నాన్నగారు సప్తగిరి సర్కిల్‌లో ఎవరికైనా చెప్పి ఉంటే సరిదిద్దు.

అంతకన్నా ముందు సరిదిద్దవలసిన మాట ఇంకొకటి ఉంది: “మా అబ్బాయి కారు కొన్నాడు” అన్న మాట. నువ్వు పంపిన ఫోటో ఇప్పటికే బంధువులందరి ఫోన్లలో తిరుగుతూ ఉంటుంది. ఉద్యోగం వచ్చీ రాగానే కారు కొన్నవాడికి చదువు అప్పు ఎందుకు తీరలేదని ఒకరు, చెల్లెలి పెళ్లికి ఎంత పెడతాడని ఒకరు లెక్కలు మొదలుపెడతారు. కౌలు పొలంలో పంట ఎంత బాగా వచ్చినా పట్టా పాసుపుస్తకంలో పేరు మారదు. ఈ కారూ అంతే. ఉద్యోగం ఉన్నన్నాళ్లు నడుపుతావు, పోయిన రోజు తాళాలు బల్ల మీద పెట్టి బస్సెక్కుతావు. ఈ సంగతి అమ్మానాన్నలకు ఈ ఆదివారమే ఫోనులో విడమరిచి చెప్పు.

ఖర్చు ఉంటుందా అని అడిగావు. ఉంటుంది. సొంత పనులకు వాడుకునే వీలున్న కంపెనీ కారును బ్రిటన్ పన్ను శాఖ నీ జీతంలో భాగంగానే చూస్తుంది. ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్లి రావడం కూడా సొంత పని కిందికే వస్తుంది. కారు జాబితా ధరలో ఇంత శాతం అని లెక్కగట్టి దాని మీద పన్ను వేస్తారు. 2025-26 సంవత్సరంలో పూర్తి ఎలక్ట్రిక్ కారుకు 3 శాతం. కారు ధర 40,000 పౌండ్లు అనుకుంటే 1,200 పౌండ్లు నీ ఆదాయానికి కలుస్తాయి. 20 శాతం పన్ను కట్టేవాడివి కాబట్టి ఏడాదికి 240, నెలకు 20 పౌండ్లు పోతాయి. పే స్లిప్ మీద పన్ను కోడ్ అని ఒకటి ఉంటుంది, ఎంత జీతం మీద పన్ను ఉండదో చెప్పే గుర్తు అది. ఈ లెక్కన నీ పే స్లిప్ మీద ఇప్పుడు 1257ఎల్ అని ఉన్నది 1137ఎల్ కావాలి. ఈ శాతం ఏటా పెరుగుతోంది, అయినా ఇప్పటికి చౌకే. నిబంధనలన్నీ ప్రభుత్వ వెబ్‌సైటులో ఉన్నాయి, అక్కడ చదువుకో. నేను చెప్పదలచుకున్నది అక్కడ రాయని సంగతి.

నేను వచ్చింది ప్రొద్దుటూరు నుంచి. వీసాకు, విమానం టికెట్టుకు, మొదటి నెలల అద్దెకు అమ్మ హారం, గాజులు బ్యాంకులో కుదువ పెట్టి వచ్చాను. బంగారం వ్యాపారానికి పేరుపడ్డ ఊళ్లో ఒక ఇంట్లో నగలు లేకపోతే వీధి మొత్తానికి తెలుస్తుంది. నెల మొదటి వారంలో ఇంత అని పంపుతానని నాన్నకు మాట ఇచ్చాను. వడ్డీ పోను కొంచెం కొంచెం అసలు తీర్చి, చెల్లెలి పెళ్లినాటికి నగలు విడిపించాలని మా లెక్క. ఉద్యోగంలో కుదురుకున్నాక కంపెనీ నాకూ కారు ఇచ్చింది. నల్లటి పెట్రోలు కారు, దానితో పాటు పెట్రోలు కార్డు. ఎక్కడికైనా తిరుగు, పెట్రోలు మాదే అన్నారు. ఉచితం అన్న మాట విని ఒక్క కాగితం కూడా చదవకుండా సంతకం పెట్టాను.

ఎక్కడికి తిరిగాననుకున్నావు? వారాంతంలో టివిడేల్ బాలాజీ గుడికి, అక్కడి నుంచి మన సరుకులు దొరికే కొట్టుకు, తిరిగి గదికి. నిజంగా నా సొంత డబ్బుతో పెట్రోలు పోయించుకుని ఉంటే ఏడాది మొత్తానికి పెద్ద ఖర్చే కాదు. కానీ ఈ దేశంలో ఉచిత పెట్రోలుకు పన్ను నువ్వు తాగించిన లీటర్లను బట్టి ఉండదు. సొంత పనికి ఒక్క మైలు తిరిగినా, పది వేల మైళ్లు తిరిగినా పన్ను ఒకటే. సొంతానికి వాడిన పెట్రోలు డబ్బు మొత్తం కంపెనీకి తిరిగి కట్టేస్తేనే ఆ పన్ను తప్పుతుంది. ఈ ఒక్క వాక్యం నాకు ఎవరూ చెప్పలేదు.

ఇటీవలి లెక్కలోనే చూపిస్తాను, నీకు అర్థమవుతుంది. 30,000 పౌండ్ల పెట్రోలు కారు, 30 శాతం తరగతిలో పడింది అనుకో. కారు మీద 9,000 పౌండ్లు. పెట్రోలుకు 2025-26లో ప్రభుత్వం పెట్టిన అంకె 28,200. అందులో 30 శాతం అంటే 8,460. రెండూ కలిపి 17,460 పౌండ్లు నీ చేతికి రాకుండానే నీ జీతంలో చేరాయి. అందరికీ పన్ను లేకుండా వదిలే 12,570 కూడా దీని కింద కొట్టుకుపోతుంది, అలాంటప్పుడు పన్ను కోడ్ ‘కే’ (K) అక్షరంతో మొదలవుతుంది. 20 శాతం చొప్పున ఏడాదికి 3,492 పౌండ్లు, నెలకు ఇంచుమించు 290. పౌండు నూరు రూపాయలు దాటి చాలా కాలమైంది, రూపాయల్లోకి నువ్వే మార్చుకో. ఉచితమన్న కారు తినేది ఇంత.

ఈ కోత వెంటనే కనిపించకపోవడమే అసలు ప్రమాదం. పన్ను సంవత్సరం ఏప్రిల్ 5తో ముగుస్తుంది, కంపెనీ ఆ లెక్కలను జులై మొదటి వారంలోగా పన్ను శాఖకు పంపుతుంది. అప్పటిదాకా నా జీతం ఎప్పటిలాగే వచ్చింది, నేనూ ఎప్పటిలాగే ఇంటికి పంపాను. తరువాత ఒక గోధుమ రంగు కవరు వచ్చింది. పన్ను కోడ్ మారింది అని ఉంటే అర్థం కాక సొరుగులో పడేశాను. ఆ నెల జీతం చూసి కంపెనీ పొరపాటు చేసిందనుకున్నాను. జీతాల విభాగంలో ఉన్న పెద్దావిడ ఒక్కొక్క వరుసా చదివి వినిపించింది: ఇది ఈ ఏడాది కారుకు, ఇది పెట్రోలుకు, ఇది పోయిన ఏడాది బాకీ. పాత బాకీ, కొత్త పన్ను ఒకేసారి పట్టుకున్నారు.

నాన్న ఫోను చేసి ఈ నెల తగ్గిందేమని అడిగాడు. ఖర్చులు పెరిగాయన్నాను. సొంతంగా ఉంటున్న గది వదిలేసి మరొకరితో కలిసి చిన్న గదిలోకి మారాను, బయట తినడం మానేశాను. అయినా అసలు తీరలేదు. చెల్లెలి పెళ్లిలో అమ్మ తన చెల్లెలి హారం అడిగి తెచ్చుకుని వేసుకుంది. పెళ్లి ఫోటోల్లో ఆ హారం ఇప్పటికీ కనిపిస్తుంది. అది ఎవరిదో మా ఇంట్లో వాళ్లందరికీ తెలుసు. అప్పటి నుంచి ఉచితం అని ఎవరు ఏది ఇచ్చినా, దాని మీద పన్నెంత అని అడిగాకే చేయి చాస్తున్నాను. పెట్రోలు కార్డు తిరిగి ఇచ్చేశాను. ఏ రోజు ఎక్కడికి, ఏ పనికి, ఎన్ని మైళ్లు అని నోటు పుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. నగలు విడిపించాను, ఆ తరువాత ఈ దేశంలో ఇల్లు కూడా కొన్నాను, ఎవరినీ ఒక్క పౌండు అడగలేదు. ఇప్పుడు వస్తున్న పిల్లలకు ఫోనులోనే అన్నీ దొరుకుతాయి, కానీ చదివే ఓపిక తక్కువ. నువ్వు అడిగావు, అందుకు సంతోషం.

కాబట్టి పెట్రోలు కారు, కార్డు మాట ఇక్కడితో వదిలెయ్. ఎలక్ట్రిక్ కారే ఉంచుకో. కంపెనీ కారుకు కంపెనీ కరెంటు ఇస్తే దాని మీద ఈ ఇంధనం పన్ను లేదు, ఎందుకంటే కరెంటును పన్ను శాఖ ఇంధనంగా లెక్కించదు. అందుకని ఆఫీసులో చార్జింగ్ పెట్టే వీలుంటే అక్కడే పెట్టుకో. నలుగురు కుర్రాళ్లు కలిసి ఉండే వరుస ఇంట్లో ఉంటున్నట్టున్నావు. అలాంటి ఇంటికి కారు నిలిపే స్థలం ఉండదు, కాలిబాట మీదుగా వైరు లాగితే ఇరుగుపొరుగు ఊరుకోరు. వీధి చార్జర్లలో కరెంటు ప్రియం, దాని మీద వ్యాట్ సాధారణంగా 20 శాతం. ఇంటి కరెంటు మీద 5 శాతమే. పని మీద తిరిగిన మైళ్లకు కంపెనీ ఎంత ఇస్తుందో ముందే కనుక్కుని, వారం వారం బిల్లు పెట్టు. నెలాఖరుకు చూద్దాంలే అనుకుంటే సగం మైళ్లు గుర్తుండవు.

అలవెన్సు సంగతి. 300 అంటే 300 రాదు. పన్ను 20 శాతం, నేషనల్ ఇన్సూరెన్సు అనే సామాజిక భద్రత చందా 8 శాతం పోను 216 చేతికి వస్తుంది. దానితో కారు కొనాలి, బీమా కట్టాలి, టైర్లు మార్చాలి. లైసెన్సు కొత్తగా వచ్చిన కుర్రాడికి ఇక్కడ బీమా ఎంత అడుగుతారో ఒకసారి వాకబు చేసి చూడు, అలవెన్సు మీద ఆశ పోతుంది. కంపెనీ హామీతో ఇచ్చే స్పాన్సర్ వీసా మీద ఉన్నవాడివైతే ఇంకొక సంగతి: వీసాకు కావలసిన కనీస జీతంలో కంపెనీ కారునూ లెక్కపెట్టరు, అలవెన్సునూ లెక్కపెట్టరు. మూల జీతంలో కోత పెట్టించుకుని కారు తీసుకునే పథకం ఎవరైనా చూపిస్తే, వీసా నిబంధన చూడకుండా సంతకం పెట్టవద్దు.

లైసెన్సు గురించి క్లుప్తంగా. మొదటి రెండేళ్లలో తప్పులకు వేసే పాయింట్లు 6కు చేరితే లైసెన్సు రద్దు, మళ్లీ పరీక్షలన్నీ రాయాలి. వేగం మీరితే తక్కువలో తక్కువ 100 పౌండ్లు, 3 పాయింట్లు. నడుపుతూ ఫోను చేతిలోకి తీసుకుంటే 200 పౌండ్లు, ఒక్కసారికే 6 పాయింట్లు. బెంగళూరు హైవే మీద నడిపిన అలవాటుతో అమ్మ ఫోను వచ్చిందని చేతిలోకి తీసుకున్నావో, లైసెన్సూ కారూ రెండూ పోతాయి. కారు మీద తిరిగే ఉద్యోగం ఆ పైన ఎన్నాళ్లు నిలుస్తుందో నీకే తెలుసు.

చివరిగా, ఆ కంపెనీ వదిలినప్పుడు నాకు జరిగింది చెబుతాను. కొన్నేళ్లు ఒక్క గీత కూడా పడకుండా నడిపాను కదా, సొంత కారుకు బీమా చౌకగా వస్తుందని ధీమాగా ఉన్నాను. అడిగితే నా పేరు మీద ఒక్క ఏడాది నో క్లెయిమ్, అంటే బీమా సొమ్ము అడగకుండా గడిపిన రికార్డు, కూడా లేదన్నారు. ఆ బీమా అంతా కంపెనీ పేరు మీద ఉంది. ప్రమాదాలేవీ చేయలేదని కంపెనీ నుంచి లేఖ తెస్తే ఒప్పుకునే బీమా సంస్థలు కొన్ని ఉన్నాయని ఆలస్యంగా తెలిసింది. అప్పటికే అక్కడ నన్ను ఎరిగినవాళ్లు వెళ్లిపోయారు. నువ్వు మాత్రం ఏటా ఆ లేఖ అడిగి తీసుకుని దాచుకో. స్పాన్సర్ ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల్లో మరొకటి వెతుక్కోవాలి. ఇంటర్వ్యూలకు ఊళ్లు తిరగవలసిన ఆ రోజుల్లోనే కారు చేతిలో ఉండదు. అందుకని ఈ కారు వల్ల నీకు మిగులుతున్న బస్సు, రైలు చార్జీలను నెలనెలా వేరే ఖాతాలో వేస్తూ పో. ఇంటికి పంపేది అందులోంచి తీయవద్దు.

వచ్చే పే స్లిప్ రాగానే కోడ్ ఎంత ఉందో చూడు. ఇంకా 1257ఎల్ అనే ఉంటే కారు లెక్క పన్ను శాఖకు చేరలేదన్నమాట. నువ్వే ఆన్‌లైన్ ఖాతాలో చెప్పి మార్పించుకో, బాకీ పేరుకోకముందే.